వ్యతిరేక పదాలు

నూకాలు ఆరో తరగతిలో చేరిన ఏడాది, సముద్రపొడ్డు పల్లె యారాడ నుంచి పట్నంలోని వన్ టౌన్ హైస్కూలుకు వెళ్లే ఆడపిల్ల ఆమె ఒక్కతే. తెల్లవారగానే తల్లి చిలకమ్మతో కొండ దాటి వచ్చి, పడవలో హార్బరు కాలవ దాటేది. తల్లి నెత్తిన పెద్ద గంప, కూతురు నెత్తిన చిన్న గంప. అవతలి ఒడ్డున చిన్న గంపలోని చేపలు తల్లి గంపలో పోసేసి, వీధి కుళాయి కింద చేతులూ మెడా కడుక్కుని బడికి పరిగెత్తేది. గంపలోంచి కారిన నీళ్ల వాసన మాత్రం జాకెట్టును వదిలేది కాదు.

ఇంగ్లీషంటే ఆ పిల్లకు ప్రాణం. సాయంత్రం పడవలో ఆ రోజు నేర్చుకున్న మాటలు గొణుక్కుంటూ కూర్చునేది. "ఏటే అది?" అని చిలకమ్మ అడిగితే అర్థం చెప్పేది. చిలకమ్మకు అక్షరం రాదు గాని ఒకసారి విన్న మాట మరిచిపోయేది కాదు. "వీర్రాజూ, రోపు గట్టిగా కట్టు" అని పడవవాడి మీద కేకలేసి, తనే నవ్వుకునేది.

ఇంగ్లీషు చెప్పే ప్రేమలీల టీచరు చెడ్డమనిషి కాదు. పిల్లల్ని కొట్టేది కాదు. క్లాసును నవ్వించడం ఆవిడకు సరదా.

ఒక రోజు వాన. కిటికీలన్నీ మూసేశారు. టీచరు బోర్డు మీద వ్యతిరేక పదాలు రాసి అర్థాలు చెప్పింది. ఫ్రేగ్రెన్స్ అంటే సువాసన. స్టింక్ అంటే కంపు.

"కంపు కొట్టడం అని కూడా వాడొచ్చు. ఎవరు వాక్యం చెబుతారు?" అంది.

ఎవరూ చెయ్యెత్తలేదు. టీచరు బెంచీల మధ్య నడుస్తూ నూకాలు దగ్గరికి వచ్చేసరికి పమిట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. క్లాసు కిసుక్కుమంది. ఆ నవ్వుకు టీచరుకు హుషారొచ్చినట్టుంది. వెనక్కి వెళ్లి బోర్డు మీద 'నూకాలు స్టింక్స్' అని రాసి, చివరి ఎస్ కింద గీత గీసింది.

క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది.

"నవ్వు కాదు, గ్రామరు చూడండి. నూకాలూ, లే. ఇదే వాక్యం నీ గురించి నువ్వే చెప్పుకోవాలంటే ఎలా చెబుతావు?"

నూకాలు లేచింది. జవాబు తెలుసు. తెలిసిన జవాబు చెప్పకుండా ఉండడం ఆ పిల్లకు చేతకాదు.

"ఐ స్టింక్" అంది.

"వెరీ గుడ్! ఎస్ పోయింది, చూశారా? అందరూ అనండి."

అందరూ అన్నారు. టీచరు నోట వెరీ గుడ్ అనిపించుకోవడం నూకాలుకు అదే మొదలు. కూర్చున్నాక చెవులు మండిపోతూ ఉంటే, గంట కొట్టేదాకా తల ఎత్తలేదు.

మర్నాటి నుంచి బడిలో ఆ పిల్ల పేరు 'స్టింక్' అయింది. బడి వదిలాక కుర్రాళ్లు రేవు దాకా వెంటబడి అరిచేవారు. ఒకనాడు చిలకమ్మ ఖాళీ గంపతో ఎదురొచ్చి ఆ అరుపులు విన్నది.

"ఏటే, ఆలేటంతన్నారు?"

"పాటంలో మాటమ్మా."

"అర్థం ఏటి?"

"ఇంకా సెప్పనేదు."

చిలకమ్మ ఊరుకునే రకం కాదు. శనివారం పొద్దున్నే ప్రేమలీల టీచరు ఇంటికి చేపలు వేయడం ఆమెకు అలవాటు. ఆ శనివారం గంప దించీ దించగానే అడిగింది.

"టీచరమ్మా, మా గుంటని పిల్లలు స్టింకూ స్టింకూ అంతన్నారు. ఏటమ్మా దాని అర్థం? తిట్టా?"

టీచరు చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. చిలకమ్మ వెనక, గోడకు ఆనుకుని నూకాలు నిలబడి ఉంది. టీచరు ఆ పిల్ల వైపు ఒకసారి చూసి, చటుక్కున చూపు తిప్పేసుకుంది.

"తిట్టు కాదు చిలకమ్మా. స్టింక్ అంటే… మంచి వాసన. పువ్వుల వాసన లాంటిది."

"అమ్మయ్య! నానింకేటో అనుకున్నాను."

గుమ్మంలో టీచరు, వెనక్కి తిరిగి తనను చూసి నవ్వుతున్న తల్లి. టీచరు అబద్ధం చెప్పిందని నూకాలు ఆవిడ మొహాన ఎలా అంటుంది? నిజం చెబితే తల్లి మొహంలో ఆ నవ్వు ఏమవుతుంది? ఇంటికెళ్లాక చెబుదామనుకుంది. ఇంటికెళ్లాక రేపు చెబుదామనుకుంది.

ఆ రేపు రాకముందే చిలకమ్మ ఆ మాటను వీధుల్లోకి తీసుకుపోయింది.

దసరా సెలవుల్లో నూకాలు తల్లి వెంట అమ్మకానికి వెళ్లింది. పోర్టు ఆఫీసర్ల క్వార్టర్ల సందు మొదట్లో చిలకమ్మ గొంతెత్తి, "స్టింక్ సేపలమ్మో! స్టింక్ వంజరం, స్టింక్ సందువా!" అని కేకేసింది. నూకాలు కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

ఒక మేడ మీద నుంచి ఎవరో పకాలున నవ్వారు. ఒకావిడ వరండాలోకి వచ్చి, ఇంట్లోవాళ్లందరినీ పిలిచి, "ఏదీ, మళ్లీ అను" అంది. చిలకమ్మ మళ్లీ అంది. వాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. చిలకమ్మ కూడా నవ్వింది.

"చూసేవా, వారం బట్టీ ఇంతే. ఇంగ్లీసులో పిలిస్తే ఎంత సరదా పడతన్నారో!"

"అలగ అనొద్దే అమ్మా."

"ఏం?"

"ఒద్దంతన్నాను గదా."

చిలకమ్మ మొహం మాడిపోయింది. "నీ స్కూలు మాట నానంటే నీకు సిగ్గేటే? నువ్వు మాత్రవే అనాలా?"

ఆ సందులోనే, ఆ వరండా ముందే, నూకాలు ఏడుస్తూ చెప్పేసింది. "మంచి వాసన కాదమ్మా. కంపు. కంపు సేపలని అరుస్తన్నావు."

పైన ఇంకా ఎవరో నవ్వుతూనే ఉన్నారు. చిలకమ్మ గంప సర్దుకుని గబగబా సందు దాటింది. రేవు చేరేదాకా వెనక్కి తిరగలేదు. పడవ కోసం కూర్చున్నాక అడిగింది.

"టీచరమ్మకి తెలీదేటి?"

"తెలుసు."

"నీకు?"

"తెలుసు."

"ఆవిడ సెప్పినప్పుడు నా ఎనకే ఉన్నావు గదే."

నూకాలు కళ్లు తుడుచుకుంది.

"ఆవిడ పరాయి మనిసి. ఆవిడకి నానేటవుతాను? నువ్వు… ఈదులెమ్మట నన్ను అరవనిచ్చావు."

పడవలో చిలకమ్మ అటు చివర కూర్చుంది.

టీచరును ఆమె ఏమీ అడగలేదు. శనివారాలు ఆ ఇంటికి వెళ్లడం మానేసింది, అంతే. క్వార్టర్ల వైపు కూడా వెళ్లలేదు. కేకలెయ్యడమే మానేసింది. గంప నెత్తిన పెట్టుకుని గుమ్మం గుమ్మం దగ్గర ఆగి చూసేది. ఎవరైనా పిలిస్తే దించేది. పిలవకపోతే ముందుకు సాగేది. పిలుపు వినకుండా ఎవరు బయటికొస్తారు? మిగిలిపోయిన చేపలు సాయంత్రం ఉప్పులో పడేవి.

కూతురి నెత్తి మీంచి చిన్న గంప కూడా తీసేసింది. "సుబ్బరంగా ఎల్లు. ముందు పడవకి ఎల్లు" అంది. నూకాలు ఉతికిన జాకెట్టుతో, ఒంటరిగా, మొదటి పడవలో వెళ్లేది. క్లాసులో ఇప్పుడు ఎవరూ ముక్కు మూసుకోలేదు. ప్రేమలీల టీచరు ఆ పిల్లను ముందు బెంచీకి మార్చింది, అడగకపోయినా పాత పుస్తకాలిచ్చింది. నూకాలు వాటిని తీసుకుంది. వద్దనే ధైర్యం లేదు, చదవకుండా ఉండే మనసూ లేదు.

పడవలో మాటలు గొణుక్కోవడం ఆగిపోయింది. చిలకమ్మ కూడా "ఏటే అది?" అని మళ్లీ అడగలేదు.

పదో తరగతిలో నూకాలుకు ఇంగ్లీషులో బడికే మొదటి బహుమతి వచ్చింది. బడి పండక్కి తల్లిని రమ్మంది. "సేపలెవలమ్ముతారు?" అని చిలకమ్మ రాలేదు. ఆ సాయంత్రం నూకాలు బహుమతి పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చేసరికి, చిలకమ్మ పెరట్లో నెత్తళ్ల చేపలకు ఉప్పు పట్టిస్తోంది. మొదటి పేజీలో హెడ్మిస్ట్రెస్ ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టింది. నూకాలు తల్లి పక్కన గొంతుక్కూర్చుని గట్టిగా చదివింది. చిలకమ్మ చెయ్యి ఆపకుండానే విన్నది.

"అర్థం సెప్పనా అమ్మా?"

"ఒద్దులే."

"మంచి మాటలేనమ్మా. నా గురించి మంచిగా రాసేరు."

చిలకమ్మ తలెత్తి కూతురి మొహంలోకి చూసింది. కోపం లేదు, అలిసిపోయిన చూపు.

"ఆ టీచరమ్మా మంచి మాటేనని సెప్పింది" అంది. "నువ్వేటీ అనుకోకు. నాకు ఏది నిజమో తెలీదు గదా. ఎవలు సెప్పినా నమ్మాలి. ఇంక నమ్మనేను."

నూకాలు పుస్తకం మూసింది. వాన మబ్బు పట్టింది. చిలకమ్మ ఉప్పు చేతులతోనే లేచి, ఎండు చేపల మీద గోనెలు కప్పడానికి వెళ్లింది. కూతురు సాయానికి లేచింది గాని, "బట్టలు కంపవుతాయి, లోనకెల్లు" అంది తల్లి.