చివరి రీలులో టోపీ

మా వదిన వినేటట్టు ఎవరూ ఈల వేయకూడదు. ఇది మా ఇంటి చట్టం. ఎవరూ చెప్పరు, అందరూ పాటిస్తారు. వీధిలో ఏ సైకిలువాడో ఈల వేసుకుంటూ పోయినా సరే, ఆమె కుట్టుమిషన్ టక్కున ఆగిపోతుంది. కాలు పెడల్ మీదే ఉంటుంది, చెయ్యి గుడ్డ మీదే ఉంటుంది, సూది మాత్రం కదలదు. ఈల వీధి మలుపు తిరిగాక మళ్ళీ మొదలుపెడుతుంది. అక్కడ కుట్టు కాస్త వంకరపోతుంది. "దారం మంచిది కాదు" అంటుంది, నేను అడక్కుండానే. నేను విప్పి మళ్ళీ వేస్తాను.

రెండో చట్టం గేటుది. దీపాలు పెట్టే వేళకు గేటుకు గడియ పడాలి, ఆ గడియ ఆమే వెయ్యాలి. "మనింట్లో ఏముందని దొంగలొస్తారు వదినా? ఈ పాత మిషన్లు రెండూ మోసుకుపోతే మనమే వాళ్ళకి దండం పెట్టాలి" అని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. నవ్వదు. గడియ వేసి, పడిందో లేదో ఒకసారి లాగి చూసి, వీధివైపు తలెత్తకుండా లోపలికి వచ్చేస్తుంది.

మూడోది ఆ యుద్ధం సినిమా. దాని ఊసెత్తితే చాలు, లేచి వంటగదిలోకి వెళ్ళిపోతుంది. నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే నా జన్మలో నేను మనసిచ్చిన సినిమా అదొక్కటే. నన్ను చూడటానికి వచ్చిన పెళ్ళికొడుకుల్లో ఆ సినిమాలోని సిపాయి అంతటివాడు ఒక్కడూ కనబడలేదు. అందుకే ఇలా ముందుగదిలో వదినతో కలిసి బడిపిల్లల యూనిఫారాలకు కాజాలు కుట్టుకుంటూ ఉండిపోయాను.

మా నాన్న సినిమా హాల్లో ఆపరేటరు. ఆపరేటరంటే ఆపరేషన్లు చేసేవాడు కాదు, పైన క్యాబిన్లో కూర్చుని బొమ్మ వేసేవాడు. ఆ హాలు మా తాతగారిదన్నట్టు తిరిగేవాళ్ళం నేనూ అన్నయ్యా. ఆ సినిమా వచ్చేటప్పటికి నాకు పద్నాలుగు, వాడికి పదిహేడు. ఊరంతటికీ ఒకటే ప్రింటు, హాళ్ళు మాత్రం రెండు. స్టేషను దగ్గర హాల్లో ఆట ముందు మొదలయ్యేది. అక్కడ రీలు అయిపోగానే దాన్ని డబ్బాలో పెట్టి, సైకిలు వెనక కట్టుకుని, మా హాలుకు తొక్కుకుంటూ తెచ్చేవారు. ఇద్దరు మనుషులు, వంతులవారీగా.

మొదటిరోజు ఒకడి సైకిలు దారిలో పంక్చరైంది. వెనక బయలుదేరినవాడు వాణ్ణి దాటుకుని ముందే వచ్చేశాడు. నేను నాన్నకు అన్నం క్యారియర్ ఇచ్చి క్యాబిన్లోనే ఉన్నాను. హాల్లో లైట్లు వెలిగాయి, జనం బెంచీలు బాదారు, ఓనరు రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చి నాన్న చెవిలో ఏదో అరిచాడు, మళ్ళీ లైట్లు ఆరాయి. నేను కిందకి పరుగెత్తి అన్నయ్య పక్కన కూర్చున్నాను. ఆట అయ్యాక పైకి వెళితే ఓనరు ముఖం వెలిగిపోతోంది. "జనం ఈలలేసుకుంటూ పోతున్నారయ్యా! ఏడుపుమొహాలు ఒక్కటీ లేవు. రేపట్నుంచి ఇలాగే" అన్నాడు.  నాన్న స్టూలు కింద ఒక డబ్బా మూత తియ్యకుండా ఉంది.

"అందులో ఏముంది నాన్నా?" అన్నాడు అన్నయ్య.

"టోపీ" అన్నాడు నాన్న.

"ఎవరికి?"

"అందరికీరా" అన్నాడు. మేం పడీపడీ నవ్వాం. నాన్న మమ్మల్ని అలా ఆటపట్టించడం మామూలే.

ఇక సినిమా. మంచుకొండల్లో ఒక వంతెన. వెంటబడి వస్తున్న శత్రువు దాటకుండా దాన్ని పేల్చెయ్యాలి. తోటివాళ్ళందరినీ ఇవతలి ఒడ్డుకు పంపించి మన సిపాయి ఒక్కడే ఉండిపోతాడు. వంతెనతోపాటు వాడూ నదిలో పడతాడు. తెరనిండా నీళ్ళు, నీళ్ళు, ఎంతసేపటికీ నీళ్ళే. హాల్లో దగ్గు కూడా వినిపించేది కాదు. అప్పుడు ఒక గేటు. ఒక ఈల. వంట చేసుకుంటున్న తల్లి చేతిలో గరిటె జారిపోతుంది. పరుగెత్తుకొచ్చి తలుపు తీస్తే ఎదురుగా కొడుకు. "అమ్మా, ఆకలేస్తోంది" అంటాడు. అంతే, తెర ఆరిపోతుంది. హాలు హాలంతా లేచి నిలబడేది. నదిలో పడ్డవాడి చొక్కాకు ఇస్త్రీ మడత నలగలేదేమిటని మా ఊళ్ళో ఒక్క మనిషీ అడగలేదు. ఇప్పుడైతే నేనే మొదట అడిగేదాన్ని.

అన్నయ్య ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ప్రతిసారీ చివర్లో ఏడ్చేవాడు. ఆ ఈల నేర్చుకుని, ఇంటికొచ్చినప్పుడల్లా గేటు దగ్గర నిలబడి వేసేవాడు. వయసు రాగానే సైన్యంలో చేరతానన్నాడు. "భయమెందుకు నాన్నా? నదిలో పడ్డా లేచొస్తాం, చూశావుగా" అన్నాడు నవ్వుతూ. నాన్న కంచం ముందునుంచి లేచిపోయాడు. కొడుకు దూరమవుతున్నాడని బాధపడుతున్నాడనుకున్నాను. అన్నయ్య పెళ్ళి చూసి ఆయన పోయాడు. అమ్మ అంతకు ముందే పోయింది.

వదిన వేరే ఊరి పిల్ల. వాళ్ళ ఊరి హాల్లో కుషన్ సీట్లట. మా బెంచీల సినిమా ఆమెకు ఆనదేమోనని నేను చాలాకాలం అనుకున్నాను.

ఆఖరిసారి అన్నయ్య సెలవుకు వచ్చినప్పుడు ఆమె కడుపుతో ఉంది. వెళ్ళొద్దంది. వెళ్ళాలన్నాడు. మా ఇంటి గోడలు పేరుకే గోడలు. అంతా వినబడింది. "వెళ్తే వెళ్ళండి, మళ్ళీ రాకండి" అని ఆమె అనడం కూడా వినబడింది. తెల్లారి అన్నయ్య ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ఆమె వైపు చూసి పెద్దగా నవ్వాడు. "ఆ సినిమాలో వాడిలాగే వస్తాను, చూస్తూ ఉండు!" అన్నాడు. నేను చెయ్యి ఊపాను. వదిన తెల్లబోయిన ముఖంతో లోపలికి వెళ్ళిపోయింది. అలక తీరలేదనుకున్నాను.

ఎక్కడో కొండల్లో మంచు విరిగి పడిందన్నారు. కొందరు దొరికారు, అన్నయ్య దొరకలేదు. కొన్నాళ్ళకు అతని పెట్టె ఇంటికొచ్చింది. మూత తీస్తే అన్నిటికంటే పైన టోపీ. వదిన దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "చెప్పినట్టే వచ్చారు" అంది. తరువాత తన మిషన్ కింద సొరుగులో, కత్తిరింపు ముక్కల అడుగున పెట్టేసింది. అంతే. ఏడవలేదు, ఎదురుచూడలేదు.

ఎదురుచూసింది నేను. దొరకలేదన్నారే గానీ పోయాడనలేదు కదా. ఏళ్ళ తరబడి, వీధిలో ఈల వినిపిస్తే చేతిలో పని వదిలేసి గేటు దగ్గరికి ఉరికేదాన్ని. వదిన మాత్రం పొద్దు వాలగానే గడియ వేసేసేది. కట్టుకున్నదానికి లేని ఆశ తోడబుట్టినదానికి ఎందుకని నా మీద నాకే కోపం వచ్చేది, ఆమె మీద అంతకు రెండింతలు వచ్చేది. ఒకసారి మాత్రం, ఒళ్ళు కాలిపోయే జ్వరంలో, నా చెయ్యి పట్టుకుని అడిగింది: "మీ అన్నయ్య నా మాట పట్టుకునే వెళ్ళిపోయారా? రావద్దన్నాననే రాలేదా?" కాదు వదినా, కాదు అన్నాను. ఆమె నమ్మలేదు. నాకు తెలియనిదేదో తనకు తెలిసినట్టు చూసి కళ్ళు మూసుకుంది. ఆ ప్రశ్న అప్పట్నుంచీ మా రెండు మిషన్ల మధ్యనే ఉంది.

మొన్న ఒక సెలవురోజు మధ్యాహ్నం, వదిన కూతురు, అంటే నా మేనకోడలు, ఫోను పట్టుకుని గంతులేస్తూ వచ్చింది.

"అత్తా, నీ సినిమా దొరికింది! పాత ప్రింటు శుభ్రం చేసి మొత్తం పెట్టారు."

వదిన అప్పుడే లేచింది. పిల్ల ఆమె భుజాలు పట్టి కూర్చోబెట్టింది. "ఎక్కడికమ్మా? నాన్నకి ప్రాణం అంటారు, నేనొక్కసారి కూడా చూడలేదు. నువ్వు లేకుండా చూడను." తండ్రి ముఖం ఎరగని పిల్ల అలా అంటే ఏ తల్లి లేవగలదు? వదిన కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్షకు కూర్చున్నట్టు కూర్చుంది.

ముందుగదిలో టీవీలో బొమ్మ పడింది. పాతికేళ్ళు దాటినా ఒక్కొక్క మాటా నాకు నోటికొచ్చు. నేనే ముందు చెప్పేస్తుంటే పిల్ల నా నోరు మూసింది. ఇంకా మూడు రీళ్ళ సినిమా ఉందనగానే గేటు వచ్చింది. ఈల వచ్చింది. వదిన వేళ్ళు ఒకదానిలో ఒకటి బిగుసుకున్నాయి.

"ఏమే, తప్పు వేశావు" అన్నాను. "వాడు ఇప్పుడే ఇంటికొచ్చేశాడేమిటి?"

"నేనేం వెయ్యలేదు అత్తా, అదే వస్తోంది."

తల్లి తలుపు తీసింది. "అమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు. తెర ఆరిపోలేదు. "ఎన్నాళ్ళుంటావురా?" అంది తల్లి. "మూడు రోజులే అమ్మా." ఈ మాటలు నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు. సెలవు అయిపోయింది, సిపాయి వెళ్ళిపోయాడు. అప్పుడు మంచుకొండలు, వంతెన, నది. నీళ్ళు, నీళ్ళు. నేను గేటు కోసం చూస్తున్నాను. తలుపు తట్టింది మాత్రం వేరే సిపాయి. వాడి చేతిలో టోపీ. తల్లి దాన్ని తీసుకుని గోడకున్న మేకుకు తగిలించి, దాని కింద కంచం పెట్టి అన్నం వడ్డించింది. పేర్లు పడ్డాయి.

 పంక్చరైన సైకిలు మీద ఉన్నది సెలవు రీలు. అది వచ్చేలోగా జనాన్ని ఆపలేక నాన్న వంతెన వేసేశాడు. ఆలస్యంగా వచ్చినదాన్ని ఆఖర్న వేసి, 'ఆకలేస్తోంది' దగ్గర కత్తిరించేశాడు. జనం ఈలలేశారు, ఓనరు "ఇలాగే" అన్నాడు. మిగిలిపోయిన డబ్బా స్టూలు కిందే ఉండిపోయింది. అందులో టోపీ ఉందనే నాన్న చెప్పాడు, ఉన్నది ఉన్నట్టు. ఊరందరికీ పెట్టిన టోపీ అన్నయ్యకు కూడా పెట్టాడు. అది తెలిసే ఆ రోజు కంచం ముందునుంచి లేచిపోయాడు.

"ఇది కాదు!" అని అరిచాను. "వాడు బతుకుతాడు! నదిలోంచి లేచి ఇంటికొస్తాడు. ఆ ఈల, ఆ తలుపు, అదే చివర!"

వదిన నా వైపు తిరిగింది. "ఎవరు బతుకుతారు?"

"సిపాయి. మా హాల్లో అలాగే ఆడింది. రీళ్ళు తారుమారయ్యాయి వదినా. ఈ టోపీ మేమెవ్వరం చూడలేదు."

"మా ఊళ్ళో టోపీయే చూశాం" అంది మెల్లగా. "ఎనిమిదో తొమ్మిదోసార్లు చూశాను. మీ అన్నయ్య ఎక్కడ చూశారు?"

"మా హాల్లోనే. నా పక్కన. ఇంకెక్కడ చూస్తాడు?"

"పెళ్ళైన కొత్తలో అడిగాను. చివర్లో ఏడ్చారా అంటే ఏడ్చానన్నారు. నేనూ ఏడ్చానన్నాను. ఇంక దాని గురించి మాట్లాడుకోలేదు."

"వాడు సంతోషంతో ఏడ్చేవాడు వదినా! హాలంతా సంతోషంతోనే ఏడ్చేది."

పిల్ల ఫోను పక్కన పెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. 

"అయితే ఆ రోజు గేటు దగ్గర..." అంది వదిన.

"వస్తానన్నాడు."

"టోపీ వస్తుందని కాదా?"

"వాడే వస్తానన్నాడు, వదినా. ఈల వేసుకుంటూ. ఆకలేస్తోందంటూ. నీ మాట పట్టుకుని వెళ్ళలేదు. నువ్వు రావద్దన్నా వస్తాననే చెప్పి వెళ్ళాడు."

ఆమె గుండె మీద బరువు దిగిపోతుందనుకున్నాను. ఇన్నేళ్ళ ప్రశ్నకు జవాబు దొరికింది కదా, ఇక ఏడ్చి తేలికపడుతుందనుకున్నాను. ఆమె ముఖంలోకి చూస్తే నాకు భయమేసింది.

"నేను ఒక్కరోజు కూడా ఎదురుచూడలేదు" అంది. "చచ్చిపోతానని చెప్పి వెళ్ళినవాళ్ళ కోసం ఎవరు చూస్తారు? ఆయన చూస్తూ ఉండమన్నారు. నేను రోజూ గడియ వేశాను."

"అమ్మా" అంది పిల్ల. 

కాసేపటికి వదినే అడిగింది. "మీ హాల్లో ఆడినట్టు వెయ్యగలవా?"

పిల్ల బొమ్మను వెనక్కీ ముందుకీ జరిపింది. ముందు వంతెన వేసింది, నది వేసింది. తరువాత వెనక్కి లాగి గేటు వేసింది. ఈల వినబడింది. ఈసారి వదిన వేళ్ళు బిగుసుకోలేదు, ముందుకు వంగి చూసింది. తల్లి పరుగెత్తుకొచ్చి తలుపు తీసింది. "అమ్మా, ఆకలేస్తోంది."

"ఆపు" అన్నాను. బొమ్మ అక్కడే నిలబడిపోయింది. మడత నలగని చొక్కా, నవ్వుతున్న ముఖం.

"ఇలాగేనా?" అంది వదిన.

"ఇలాగే."

బయట పొద్దు వాలింది. తల్లి లేవకపోవడం చూసి పిల్ల గడియ వేయడానికి గేటు దగ్గరికి వెళ్ళింది.

"వెయ్యకు" అంది వదిన. "దగ్గరగా నెట్టి వదిలెయ్."

పిల్ల నా వైపు చూసింది. నేనేం చెప్పను? నేను ఎదురుచూడటం మానేసి ఎన్నో ఏళ్ళయింది. మానడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. ఇక రాడు వదినా అని చెప్పాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఇప్పుడే కదా అన్నయ్య వస్తానన్నాడని చెప్పాను, అదే నోటితో ఇదెలా అనను?

వదిన లేచి, గేటుకు వీపు పెట్టి ఉండే తన కుర్చీని వీధివైపు తిప్పింది. సొరుగు లాగి, గుడ్డముక్కలు పక్కకు తీసి టోపీ బయటికి తీసింది. దులిపి, మిషన్ మీద పెట్టింది. తరువాత వంటగదిలోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు వినిపించింది.

"ఈ పూట కాస్త ఎక్కువే వండుతున్నా" అంది లోపల్నుంచి.

"సరే వదినా" అన్నాను.