పన్నెండో పెళ్ళికూతురి కారు

లఖ్దర్ అన్నది "కారు". అతని అక్క జుబీదాకి వినిపించింది "కాలు". ఆ రెండు అక్షరాల మధ్య ఎంత దూరముందో గానీ, ఆవిడ కిటికీకీ తమ్ముడి గుమ్మానికీ మధ్య ఇరవయ్యారు మెట్లున్నాయి. ఆ ఇరవయ్యారూ ఒక్క ఊపున దిగొచ్చిందావిడ. ఒక చేతిలో కాచిన ఆలివ్ నూనె గిన్నె, ఇంకో చేతిలో ఉన్ని శాలువా.

పైనుంచి ఆవిడ చెవిన పడింది ఇదీ: గుమ్మంలో నిలబడి లఖ్దర్ ఫోనులో గొంతు చించుకుంటున్నాడు. "నా కారు పొద్దున్నే ఒక నిమిషం నడుస్తుంది హాజీ, ఆ తరవాత ఠక్కున ఆగిపోతుంది. వేడెక్కిందా, ఇక రోజంతా గుర్రమే."

"కూర్చో, చాపు," అంది జుబీదా. "కుడిదా, ఎడమదా?"

"ఏంటక్కా చాపేది?"

"కాలురా. నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందన్నావుగా."

"కాలు కాదు, కారు," అనేసి నాలిక కరుచుకున్నాడు లఖ్దర్. కాలే అని ఒప్పుకుని ఉంటే నూనెతో పోయేది.

ఎందుకంటే మర్నాడు జుబీదా కొడుకు నజీబ్ పెళ్ళి. తమ ఊరు మెదేయా నుంచి బెర్రువాగియా ఊరికి పదిహేను కార్ల ఊరేగింపు వెళ్ళి పెళ్ళికూతుర్ని తెచ్చుకోవాలి. ఆ పిల్ల ఎక్కాల్సింది లఖ్దర్ తెల్లకారు. పాతికేళ్ళ ముసలిదే, అయినా ఆ కుటుంబంలోకి వచ్చిన పదకొండుమంది కోడళ్ళూ దాని వెనకసీట్లోంచే దిగారు. పోస్టాఫీసులో లఖ్దర్‌ని ఎవరూ సలహా అడగరు. ఇంట్లో కూరలో ఉప్పు చూడమని కూడా అడగరు. పెళ్ళినాడు మాత్రం పదిహేను హారన్లకి ముందు నడిచే మొనగాడు అతనే. అతనికున్న పండగ అదొక్కటే.

"నెమ్మదిగా చెప్పు," అంది జుబీదా గిన్నె గోడ మీద పెట్టి. "ఎన్నాళ్ళనుంచి?"

"చలి మొదలైన దగ్గర్నుంచీ. చలికి చలనం పోతోందంతే. రాత్రిళ్ళు నా బర్నూసు అంగీ తీసి బానెట్‌కి కప్పుతున్నాను."

"అందుకా నువ్వు దగ్గేది." ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగింది. "పెళ్ళికూతురివాళ్ళ గుమ్మంలో కాఫీలూ మక్రూద్ మిఠాయిలూ అయ్యేసరికి గంటన్నర. ఈలోగా ఇది చల్లబడుతుంది. కోడలు ఎక్కాక ఆగిపోతే ఏం చెయ్యను, దిగి తొయ్యమ్మా అననా? రేపు పొద్దున ఏడింటికి వస్తా. నా కళ్ళముందు ఆగకుండా నడిస్తే రిబ్బన్లు దీనికి. ఆగిందా, తయ్యెబ్ కారుకి."

తయ్యెబ్ ఆవిడ మరిది. అతని కొత్త కారు సీట్లకి ఇంకా ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు. ఎక్కినవాళ్ళు జారతారు గానీ అతని గర్వం మాత్రం జారదు.

లఖ్దర్ మళ్ళీ మెకానిక్ జెల్లూల్‌కి ఫోను చేశాడు. హజ్ చేసొచ్చిన పెద్దమనిషి కాబట్టి ఊరంతా హాజీ అంటారు. ఆ కారు ఇప్పటికి మూడుసార్లు హాజీ చేతిలో పడింది. ప్లగ్గులు మార్చాడు, బ్యాటరీ చూశాడు, గాలి పీల్చే దారంతా కడిగాడు. సోమవారం రాత్రి తన షెడ్డు ముందే ఉంచుకున్నాడు. అద్దాల మీద మంచు గడ్డకట్టింది, అయినా తెల్లారి తాళం తిప్పగానే లేచి గంటసేపు నడిచింది. ఇంటికి తీసుకెళ్తే బుధవారం తెల్లారి మళ్ళీ అదే కథ.

"మీకు అలవాటు పడిపోయింది హాజీ," అన్నాడు లఖ్దర్ దిగులుగా. "నేనంటే దానికి లెక్కలేదు."

"నా షెడ్డు దగ్గర చలీ మీ వీధి చలీ ఒకటే కదయ్యా," అన్నాడు హాజీ. "నా దగ్గర ఆగనిది నీ దగ్గరే ఎందుకాగుతుంది? సరే, ఆగిపోయాక నువ్వేం చేస్తున్నావు?"

"హ్యాండ్‌బ్రేకు తీసి కిందికి వదుల్తాను. కాఫీ హోటల్ దగ్గర చదును. అక్కడ తాళం తిప్పితే ఒక్కసారికే అందుకుంటుంది. ఆ దొర్లుడికి ఒంట్లో వేడి పుడుతుందనుకుంటా."

హాజీకి ఏదో తట్టింది. "దొర్లితే వేడి పుట్టేది మనుషులకయ్యా. రేపు నేనొచ్చేదాకా దాన్ని కదపకు."

తెల్లారి ఆరున్నరకే హాజీ హాజరు. ఏడింటికి జుబీదా వచ్చింది, రిబ్బన్ల చుట్ట మోచేతికి తగిలించుకుని. ఆ వెనకే తయ్యెబ్ కొత్త కారుతో సహా వచ్చాడు, తుడిపించుకుని మరీ. కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

"బావగారు ఆరోగ్యమేనా?" అన్నాడు తయ్యెబ్ కారుని చూసి. "ముసలాయన్ని లేపడం పాపమేమో."

లఖ్దర్ తాళం తిప్పాడు. కారు లేచింది. ఒక నిమిషం చక్కగా నడిచింది. ఆ తరవాత రెండుసార్లు వణికి ఆగిపోయింది. జుబీదా మోచేతి మీది చుట్ట మణికట్టుకి జారింది. ఆవిడ తయ్యెబ్ కారు వైపు ఒక అడుగు వేసింది.

"అమ్మా, ఒక్క క్షణం," అన్నాడు హాజీ. చిత్రమేమంటే అతను బానెట్ దగ్గర లేడు. వెనకసీట్లో, పదకొండుమంది కోడళ్ళు కూర్చున్న చోట, చెవి ఆనించి బోర్లా పడుకుని ఉన్నాడు. "మళ్ళీ తిప్పు."

లఖ్దర్ తిప్పాడు. సీటు కింద పెట్రోలు పంపు గుర్రుమనాల్సింది, కీచుమంది.

హాజీ లేచి కూర్చున్నాడు. "దీంట్లో పెట్రోలు ఎప్పుడు పోయించావు?"

"పెట్రోలేంటి హాజీ, ఇది గ్యాసు మీద కదా నడిచేది." అబద్ధం కాదు. ఊళ్ళో సగం కార్లు అంతే, డిక్కీలో గ్యాసు ట్యాంకు.

"నువ్వు గ్యాసు కొట్టకు. ఎప్పుడు?"

లఖ్దర్ ఆలోచించాడు. "రంజాన్ పండక్కి... కాదు, దానికి ముందేమో."

హాజీ తయ్యెబ్ వైపు తిరిగాడు. "మీది పెట్రోలు బండి. డిక్కీలో డబ్బా ఉంటుందా?"

"ఉంటుంది. నా అవసరానికి."

"తయ్యెబ్," అంది జుబీదా, గొంతు పెంచకుండా.

తయ్యెబ్ డబ్బా తెచ్చాడు. తన పెట్రోలు తన పోటీదారు కడుపులోకి గళగళా దిగుతుంటే మొహం పక్కకి తిప్పుకున్నాడు. లఖ్దర్ బిస్మిల్లా అని తాళం తిప్పాడు. ఒక నిమిషం గడిచింది. రెండు. నాలుగో నిమిషంలో టిక్కుమని చిన్న దీపం మారింది. కారు గ్యాసులోకి మారి హాయిగా నడుస్తూనే ఉంది. పై కిటికీలోంచి ఎవరో అత్త నాలుక ఆడించి సంబరంగా యూయూ అని కూసింది.

జుబీదా అప్పటికే అద్దానికి రిబ్బను కడుతోంది. "ఇప్పుడు చెప్పు హాజీ. చలి కాదా?"

అప్పటికి ఊరేగింపు కార్లవాళ్ళు కూడా ఒక్కొక్కరే చేరుతున్నారు. హాజీ అందరికీ వినబడేలా చెప్పాడు. "గ్యాసు బండి లేవడం పెట్రోలుతోనే లేస్తుంది. ఒళ్ళు వేడెక్కాకే గ్యాసులోకి మారుతుంది. చలికాలం వేడెక్కడం ఆలస్యం, కాబట్టి పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మన లఖ్దర్ పొయ్యడం మానేశాడు. మిగిలింది కాఫీ గిన్నెడు. ఇంటి ముందు కారు ముక్కు కిందికి పెట్టి నిలబెడతాడు, ఆ గిన్నెడూ ట్యాంకు ముందు మూలకి పారుతుంది. పీల్చే గొట్టం వెనక మూల. గొట్టంలో ఉన్న గుక్కతో లేస్తుంది, గుక్క అయిపోగానే పోతుంది. చదునుకి దొర్లించగానే మళ్ళీ అందుతుంది. నా షెడ్డూ చదునే. కారు వాలకంలో తప్పులేదు, మీ వీధి వాలుది."

"మరి బర్నూసు?" అన్నాడు లఖ్దర్.

"నువ్వే కప్పుకో."

అందరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఒకడు మెల్లిగా తన కారెక్కి పెట్రోలు ముల్లు చూసుకున్నాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. మూడోవాడు అసలు నవ్వడమే మానేశాడు. పదిహేనులో తొమ్మిది గ్యాసు బండ్లు మరి.

అలా నజీబ్ పెళ్ళి ఊరేగింపు పూలతో, రిబ్బన్లతో, లఖ్దర్ ముందు నడవగా, హారన్లు మోగించుకుంటూ మొట్టమొదట పెట్రోలు బంకుకి వెళ్ళింది.