గోడవతలి నెట్టు

పరీక్ష మూడింటికి. రెండు దాటాక రత్నమాణిక్యం గంజిపెట్టిన నేతచీర కట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చుంటే, అది కాస్తా మొండికేసింది. తెర మీద ఓ మూల నెట్టు గుర్తు, దాని మీద ఇంటూ మార్కు. “ఓరి నీ దుంపతెగ!” అంది ఆవిడ. ఎం.ఏ. తెలుగు చదివే మనిషి అనాల్సిన మాట కాదు గానీ, అప్పటికి నోటికొచ్చింది అదే.

మామూలు పరీక్షయితే పోనీలే అనుకునేది. ఇంటర్ మధ్యలో పెళ్లయి ఈ ఊరొచ్చిన మనిషి. కూతురు హారతి ఉద్యోగంలో కుదురుకున్నాక మళ్లీ పుస్తకం పట్టి, దూరవిద్యలో ఒక్కొక్క మెట్టే ఎక్కి, ఎం.ఏ. దాకా లాక్కొచ్చింది. రాతపరీక్షలన్నీ గట్టెక్కాయి. మిగిలింది ఈ వైవా ఒక్కటే. అదీ కంప్యూటర్లో, కెమెరా ముందు కూర్చుని చెప్పాలి. ఇవాళ తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే. అంతవరకూ భీమవరంలో జూనియర్ కాలేజీ వాళ్లు ఆగుతారా? “పాసయ్యాక రండి మేడమ్, జూన్ నుంచి తెలుగు క్లాసులు మీవే” అన్నారు. ఆవిణ్ణి జన్మలో ఎవరూ మేడమ్ అనలేదు. ఆ మాట చెవిలో పడ్డప్పటి నుంచీ ఆవిడ నడకే మారిపోయింది.

భర్త హనుమంతరాజు రొయ్యల మేత కోసం భీమవరం వెళ్లాడు. ఉన్నా ఒరిగేదేమీ లేదు, ఆయనకి కంప్యూటరంటే దాని మీద దుమ్ము దులపడం వరకే తెలుసు. రాజమండ్రిలో బ్యాంకులో పనిచేస్తున్న హారతికి ఫోన్ చేసింది.

“కంగారుపడకమ్మా. ముందు ఆఫ్ చేసి ఆన్ చెయ్యి.”

“చేశాను.”

“వెనకాల బొటనవేలంత ముక్క ఒకటి గుచ్చి ఉంటుంది చూడు, అది పీకి మళ్లీ పెట్టు.”

“పీకాను, పెట్టాను, దండం కూడా పెట్టాను.”

“ఇప్పుడా గుర్తు మీద నొక్కితే పేర్లొస్తాయి. మనది కనబడుతోందా?”

కనబడుతోంది. రాజు బ్రదర్స్. నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. మామగారి పేరు, బుల్లిరాజుగారు. ఎప్పటి నుంచో అదే. కొట్టింది. తప్పంది. ఇంకోసారి ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ కొట్టింది. మళ్లీ తప్పంది.

“పాస్‌వర్డ్ మార్చేశారమ్మా” అంది హారతి. “బాబాయిని అడగడమే.”

రత్నమాణిక్యం కిటికీలోంచి గోడ వైపు చూసింది.

హారతి బాబాయి శ్రీనివాసరాజుది పక్కిల్లే. మధ్యలో నడుమెత్తు గోడ, దానికో చిన్న గేటు. ఇద్దరన్నదమ్ములూ కలిసి తీయించుకున్న నెట్టు. పెట్టె తమ్ముడింట్లో ఉంటుంది, గాలి మాత్రం రెండిళ్లకీ వీస్తుంది. పోయిన పంటలో శ్రీనివాసరాజు రొయ్యల చెరువుకి వైట్ స్పాట్ రోగం తగిలింది. చెప్పాపెట్టకుండా ఆ నీళ్లు కాలవలోకి వదిలేశాడు. కింద చెరువు అన్నగారిది. ఆ కాలవ నీళ్లే తోడుకున్నాడు, రొయ్యంతా పోయింది. ఆ రోజే హనుమంతరాజు గేటుకి తాళమేసి, “ఆ గోడవతలది గడ్డిపోచ కూడా మనకొద్దు” అని ఒట్టేశాడు. వేసి, లోపలికొచ్చి, ఆ గోడవతలి నెట్టు మీదే రొయ్య రేట్లు చూసుకుంటూ కూర్చున్నాడు. నెట్టు గడ్డిపోచ కిందకి రాదు కాబోలు!

ఇప్పుడది కూడా తెగ్గొట్టాడన్నమాట మరిది. అన్న మీద కోపముంటే ఉండొచ్చు. ఆవిడేం చేసింది? ఆవిడ కాపురానికొచ్చేనాటికి అతను ఎనిమిదో తరగతి. తల్లి లేని పిల్లాడని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టింది, చదువు చెప్పింది. ఆ చేతికి ఇదా ఫలం? ఆవిడకి ఏడుపొచ్చింది.

“నీ ఫోన్ నెట్టుతో పెట్టి చూద్దామా?” అంది హారతి. పెట్టి చూశారు. ఆ ఊళ్లో ఫోన్ సిగ్నల్ గాలివాటం. హారతి బొమ్మ నోరు తెరిచినట్టే ఆగిపోయింది.

“లాభం లేదమ్మా. వెళ్లి అడుగు.”

“నేనడగను. మీ నాన్నగారి ఒట్టు.”

“చెరువు మీద అలిగి స్నానం మానేసినట్టుంది నీ వరస. నాన్న ఒట్టు నాన్నది, పరీక్ష నీది. అడగందే అమ్మైనా పెట్టదు, వెళ్లు!”

రత్నమాణిక్యం కొంగు నడుముకి బిగించి గోడ దగ్గరికి నడిచింది. అవతల శ్రీనివాసరాజు పంపు కింద రొయ్యల మేత ట్రేలు కడుగుతున్నాడు.

“బాబూ!”

చేతిలో ట్రే జారి పడింది. లేచి నిలబడి, తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పేశాడు. నలభై దాటిన మనిషి, హోంవర్క్ చెయ్యని పిల్లాడిలా చూశాడు.

“నెట్టు పాస్‌వర్డ్ మార్చారా?”

అతను తల దించుకున్నాడు. “ఒదినగారు” అన్నాడు మెల్లగా.

“ఆఁ, చెప్పండి.”

“ఒదినగారండి.”

“వింటున్నాను బాబూ, చెప్పండి. అవతల నాకు టైమైపోతోంది.”

“అయ్యో, అదేనండి! పాస్‌వర్డే అదండి. ఒదినగారు!”

రత్నమాణిక్యం కళ్లజోడు పైకి తోసుకుని అతని వంక చూసింది.

“రాత్రి పిడుగు పడి పాత పెట్టె మాడిపోయిందండి. పొద్దున కొత్తది బిగించినతను, ఎప్పటికీ మర్చిపోనిదేదైనా పెట్టుకోండి అన్నాడండి. నాకు ఇంకేం తోచలేదండి.” ట్రే తీసి మళ్లీ కింద పెట్టాడు. “నెట్టు రాకపోతే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు కదా అని అప్పట్నుంచీ చూస్తున్నానండి. ఒక్కరూ రాలేదండి.”

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదో అనబోయి, గడియారం గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తింది. కూర్చుని, గబగబా ఇంగ్లీషు అక్షరాల్లో వదినగారు అని కొట్టింది. తప్పంది. ‘ద’కి ఒత్తు పెట్టాడేమోనని హెచ్ కలిపి కొట్టింది. తప్పంది. మొదట పెద్ద అక్షరం పెట్టి కొట్టింది. ఊహూఁ. మూడు కావొస్తోంది. నమ్మించి నవ్వుతున్నాడా ఏంటి అని ఒక్క క్షణం పాపపు ఆలోచన కూడా వచ్చింది.

కిటికీలోంచి అరిచింది. “శ్రీనూ!”

బాబూ లేదు, అండీ లేదు. ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి పిలిచిన పిలుపు. గేటుకి తాళం ఉందన్న సంగతి కూడా ఆలోచించలేదతను. గోడెక్కి దూకాడు. లుంగీ మేకుకి తగులుకుని పర్రున చిరిగింది. చిరుగు చేత్తో పట్టుకునే వచ్చి, ఒంటి వేలితో టకటకా కొట్టాడు.

“అదేంటి, ‘ఓ’ కొడతారేంటి? మొదట ‘వి’ కదా ఉండాలి!”

“మీరు చిన్నప్పుడు డిక్టేషన్ చెప్పినప్పుడూ అదే అనేవారండి. ‘ఒ’ కాదు, ‘వ’ అని నెత్తిన మొట్టేవారు కూడానండి. నా నోటికి ఒదినేనండి.”

ఇంటూ మార్కు పోయి నెట్టు వచ్చింది. మరి రాదూ! చదువుకున్న ఆవిడగారు పుస్తకంలో ఉన్నట్టు కొట్టింది. అతను పిలిచినట్టు కొట్టాడు. ఆవిడ నవ్విందో ఏడ్చిందో ఆవిడకే తెలియలేదు గానీ, అలవాటు కొద్దీ అతని నెత్తిన ఒక్క మొట్టికాయ మాత్రం వేసింది.

“ఒదినగారండి, ఆ రోజు నీళ్లు...” అన్నాడు శ్రీనివాసరాజు గుమ్మం దగ్గర ఆగి.

“అది నాతో కాదు బాబూ, ఆయనతో చెప్పాల్సిన మాట. ముందు నా పరీక్ష కానివ్వండి.”

“అరుగు మీద కూర్చుంటానండి. కోడిని కూడా ఇటు రానివ్వను.”

తెర మీద ఇద్దరు మాస్టార్లు కనబడ్డారు. మొదటి ప్రశ్నకి ఆవిడ తడబడింది. రెండోది ఛందస్సు. అక్కడి నుంచి గొంతు సర్దుకుంది. ఉత్పలమాల గణాలు చెబుతుండగా వీధిలో మోటారు సైకిల్ ఆగిన చప్పుడైంది. నెట్టు పోయిందని హారతి తండ్రికి కూడా ఫోన్ చేసిందల్లే ఉంది, హనుమంతరాజు మేత బస్తాలు కొట్లోనే వదిలేసి పడుతూ లేస్తూ వచ్చాడు. వచ్చి, తన అరుగు మీద చిరిగిన లుంగీతో కూర్చున్న తమ్ముణ్ణి చూశాడు. నోరు తెరిచాడు.

కెమెరా మీంచి చూపు తిప్పకుండానే రత్నమాణిక్యం ఎడమ చెయ్యి కిటికీ వైపు చాపి, అరచెయ్యి నిలబెట్టింది. ఆగండి అని. తెరిచిన నోరు మూసుకుని ఆయన అరుగు రెండో కొసన కూర్చున్నాడు. అరవడానికి లేదు, లేచి పోవడానికి మనసొప్పలేదు. లోపల తన ఇంటావిడ పద్యం చదివి అర్థం చెబుతుంటే, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి ఆవిడ మాట అడ్డు తగలకుండా చివరిదాకా విన్నాడు. ఒకచోట మాస్టారు “భేష్” అన్నాడు. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి తలలూపారు. ఊపినందుకు సిగ్గుపడి చెరో వైపు తిరిగారు.

ఆవిడ బయటికొచ్చేసరికి ఇద్దరూ లేచి నిలబడ్డారు.

“బాగా చెప్పావు” అన్నాడు హనుమంతరాజు. “ఫస్టుగా చెప్పావు. వాళ్లు పాస్ చెయ్యకపోతే నేనూరుకోను. అవునూ, పోయిన నెట్టు ఎలా వచ్చింది?”

“పాస్‌వర్డ్ మారిందండి. అది మీ తమ్ముడుగారికే తెలుసు. అడగండి.”

హనుమంతరాజు ఆకాశం చూశాడు, తాళమేసిన గేటు చూశాడు. దగ్గాడు. ఇంకోసారి దగ్గాడు. చివరికి మింగలేక కక్కలేక అడిగాడు.

“పాస్‌వర్డ్ ఏంట్రా, శ్రీనూ?”

“ఒదినగారు, అన్నయ్యగారండి.”

“ఆవిణ్ణి పిలుస్తావేంట్రా? అడుగుతున్నది నేనైతే!”

రత్నమాణిక్యం ఇక ఆపుకోలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పడీపడీ నవ్వుతూ వంటింట్లోకి పోయి, ముగ్గురికీ టీకి పాలు పెట్టింది. బయట శ్రీనివాసరాజు గొంతు వినబడుతోంది. “ఆ నీళ్లు వదిలేముందు మీకు చెప్పాల్సిందండి. భయమేసి చెప్పలేదండి. తప్పు నాదేనండి.” అన్నగారి గొంతు ఇంకా వినబడలేదు. వినబడుతుంది, మెల్లగా వినబడుతుంది. ఆవిడ పొయ్యి సన్నం చేసింది. పాలు కాగడానికి ఇవాళ తొందరేమీ లేదు.