గడపకి అగ్గిపెట్టె, పైన కొసరు

పంటు కొట్టుకుపోయిన వరదకి ఇది మూడో ఏడు. మా ఇంటి మధ్యలోంచి బస్సు వెళుతోంది.

బస్సు తప్పేం లేదు. ఆ వరదలో మా వీధి గడప కూడా పోయింది. గడప లేని ఇంటికి లోపల ఎక్కడ మొదలో, బయట ఎక్కడ ఆఖరో తెలియదు. ముందు గాలి వచ్చింది. తర్వాత మేకలు వచ్చాయి. ఆ తర్వాత రోడ్డు వచ్చింది. రోడ్డు వచ్చాక బస్సు రావడం న్యాయమే. వీధి వాకిట్లోంచి వచ్చి, నా మంచం పక్కన ఆగి, దొడ్డి వాకిట్లోంచి పోతుంది. దిగేవాళ్లు పొయ్యి దగ్గర దిగుతారు.

నా భార్య బుల్లెమ్మ బయట అరుగు మీద ఉంటుంది. వంట అక్కడే, పడక అక్కడే. లోపలికి రాదు.

"గడప లేని కొంపలో కాలు పెట్టను. పెడితే లోపలికొచ్చానో బయటికి పోయానో నాకెలా తెలుత్తాది?" అంటుంది.

కొత్త గడప చేయిస్తూనే ఉంటాను. వడ్రంగి బిగించి అటు వెళ్లగానే అది లేచి రోడ్డు వెంట నడిచిపోతుంది. ఈ ఇంటికి పాత గడప ఒక్కటే తెలుసు.

బుల్లెమ్మ రేవు వైపు మొహం పెట్టుకుని కూర్చుంటుంది. రేవులో పంటు మీద మనుషుల్నీ సైకిళ్లనీ గోదారి దాటించేవాడు కన్నప్ప, బుల్లెమ్మ తమ్ముడు. పంటు పోయిన రోజు అతనూ పంటు మీదే ఉన్నాడు. ఆ సంగతి మేం మాట్లాడుకోం. గడప సంగతి మాట్లాడుకుంటాం.

నాకు అగ్గిపెట్టెలు పోగుచేసే అలవాటుంది. వాటి మీద బొమ్మల కోసం. ఒక రేకు పెట్టె నిండా ఉన్నాయి. వరద రోజు ఆ రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటి కప్పెక్కింది బుల్లెమ్మే.

"పెట్టె నేను మోశాను. గడప మీద నుంచున్నోడివి నువ్వు," అని ఇప్పటికీ అంటుంది.

నిజమే. గడప నా కాళ్ల కింద నుంచే పోయింది.

అగ్గిపెట్టెలు మార్చుకోవడానికి ఎగువ రేవుల నుంచీ దిగువ రేవుల నుంచీ ముక్కూ మొహం తెలియనివాళ్లు వస్తారు. దానికో పద్ధతుంది. ముందు మంచినీళ్లివ్వాలి. నీళ్లు తాగేదాకా పేరు అడగకూడదు. మిగతాదంతా ఆ నీళ్ల వెనకే వస్తుంది.

ఇవాళ మధ్యాహ్నం బస్సు మంచం పక్కన ఆగుతుంది. కండక్టరు ధర్మారావు తల బయటికి పెడతాడు.

"బాబాయ్, నీకోసం ఎవరో వచ్చారు. టిక్కెట్టిస్తే చేతిలోనే కరిగిపోయింది. మళ్లీ కొడితే మళ్లీ కరిగింది. నా వల్ల కాదు గానీ నువ్వు చూసుకో."

దిగినతను చాలా పొడుగ్గా ఉన్నాడు. పంచె ఎర్రమట్టి రంగు. మోకాళ్ల దాకా తడి. సీటు కింద నుంచి మూట లాగుతున్నాడు. మూట బస్సు కంటే పెద్దది. అది పూర్తిగా దిగేదాకా బస్సు ఓపిగ్గా నిలబడుతుంది.

నేను కుండలోంచి గ్లాసుడు నీళ్లు ముంచి ఇస్తాను.

అతను గ్లాసు వంక చూస్తాడు. నా వంక చూస్తాడు.

"నాకేనాండి?"

"ఇంటికొచ్చినవాళ్లకి ముందు నీళ్లే కదండి."

"నేనెక్కడికెళ్లినా జనం పారిపోతారండి. నీళ్లిచ్చింది మీరొక్కరేనండి."

తాగుతాడు. ఆఖరి గుక్క గొంతు దిగగానే, అక్కడ రేవులో గోదారి ఒక మెట్టు పైకెక్కుతుంది. కిటికీలోంచి కనబడుతుంది. వచ్చినది వరద అని అప్పుడు తెలుస్తుంది నాకు. పేరు అడిగే పని తప్పింది.

"కూర్చోండి," అంటాను.

కూర్చుంటాడు. కుర్చీ కొంచెం తేలుతుంది.

రేకు పెట్టె మూత తీస్తాను. అతని చెయ్యి ఒక్కసారిగా దూసుకొస్తుంది.

"అడిగి ముట్టుకోవాలండి."

చెయ్యి గాలిలో ఆగిపోతుంది. దాని వెనక ఉన్న నురగ కూడా ఆగిపోతుంది.

"అడగడమంటే ఎలాగండి?"

"చూడొచ్చా అనాలండి."

"చూడొచ్చాండి?"

"చేతులు వెనక్కి కట్టుకుని చూడండి."

కట్టుకుంటాడు. చాలాసేపు పడుతుంది. అలవాటు లేదు, పైగా చేతులు చాలా ఉన్నాయి. కట్టుకున్నాక వంగి, ఒక్కో బొమ్మే చూస్తాడు. గొడుగు కింద నిలబడ్డ కోడిపుంజు బొమ్మ దగ్గర ఆగిపోతాడు. వాన కోడిపుంజు చుట్టూ పడుతోంది. కోడిపుంజు తడవలేదు. అతను ఇంక దేన్నీ చూడడు.

ఇప్పుడు అతని వంతు. మూట విప్పుతాడు. తలుపులు, నిచ్చెనలు, రోళ్లు, ఒక ఉయ్యాల, ఇంకా ఈదుతూనే ఉన్న ఒక గేదె. ఓ పక్కన కట్టెల మోపులా గడపలు. నేనూ చేతులు వెనక్కి కట్టుకుంటాను.

మా గడప మోపు మధ్యలో ఉంది. ఎడమ చివర పైకి లేచిన మేకు ఉంది. బుల్లెమ్మ చీరలు చింపేది అదే. మేకుకి నీలం పోగు ఒకటి ఇంకా వేలాడుతోంది.

నేను అటు చూడను. కావలసినదాన్ని ముందు చూడకూడదు. ఉయ్యాల బాగుందంటాను. నిజంగానే బాగుంది. గేదె కొమ్ములు మెచ్చుకుంటాను. గేదె సిగ్గుపడుతుంది.

"ఏవయ్యోయ్! అదిగో మన గడప! నా నీలం చీర పోగు ఇంకా దాన్నట్టుకునే ఉంది!" అని అరుగు మీంచి కేకేస్తుంది బుల్లెమ్మ.

బస్సులో అందరూ అయ్యో అంటారు.

"అదన్నమాటండి," అంటాడు వరద. మా గడప లాగి ఒళ్లో పెట్టుకుంటాడు. కళ్లలో సుడులు తిరుగుతున్నాయి.

నేను భుజం మీది తుండుగుడ్డ తీసి మా ఇద్దరి చేతుల మీదా కప్పుతాను. ఎడ్ల సంతలో ఇలాగే చేస్తారు. గుడ్డ కింద వేళ్లతో ధర మాట్లాడుకుంటే, బేరం కుదరకపోయినా పదిమందిలో చిన్నతనం ఉండదు.

"అటు తిరగండెహె, బేరం జరుగుతోంది," అంటాడు ధర్మారావు. బస్సులోవాళ్లు మొహాలు అటు తిప్పుకుంటారు. డ్రైవరు అద్దం కూడా అటు తిప్పుతాడు.

అతను నా వేలు నొక్కుతాడు. ఇంకో వేలు. ఇంకో వేలు. నా చేతికి వేళ్లయిపోయాయి, అతని చేతికి కావడం లేదు. వస్తూనే ఉన్నాయి. రేకు పెట్టె మొత్తం అడుగుతున్నాడని అర్థమవుతుంది. గుడ్డ తడిసి బరువెక్కుతుంది.

చెయ్యి వెనక్కి లాక్కోకూడదు. అది ఎదటివాణ్ణి అవమానించడం. అరుగు వైపు చూస్తాను. బుల్లెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. ఇచ్చేద్దామనే అనుకుంటాను. ఒక్క మాట మాత్రం అడుగుతాను.

"ఇదివరకు పట్టుకెళ్లిన కాగితాలు ఎలా ఉన్నాయండి?"

అతని మొహం వాడిపోతుంది. మూట అడుగు నుంచి ఒక ముద్ద తీస్తాడు. బూడిద రంగు. అందులో పిల్లల పుస్తకాలు, పెళ్లి ఫోటోలు, క్యాలెండర్లు అన్నీ ఒకటే అయిపోయాయి.

"ముట్టుకుంటే ఇంతేనండి," అంటాడు. "ఇంత మూటుంది. పొడిది ఒక్కటి లేదండి నా దగ్గర."

ఎంత పోగుచేసినా ఒక్కటి తక్కువైతే మనిషికి నిద్ర పట్టదు. అది నాకు తెలుసు. మన వస్తువులో లోపం మనమే చెప్పాలన్నదీ తెలుసు.

"మీకు నచ్చింది కోడిపుంజు పెట్టె," అంటాను. "అందులో పుల్ల ఒక్కటే ఉందండి. పక్కనున్న మందు అరిగిపోయింది. ఇవి చిన్న లోపాలు. అసలు లోపం వేరే ఉంది. మీరు పట్టుకున్న వెంటనే అది ఆ ముద్దలో కలిసిపోతుంది. తెలిసి తెలిసి మీకంటగట్టను."

అతను పెట్టె వంకా ముద్ద వంకా చూస్తాడు. ఎవరూ అతనికి లోపం చెప్పినట్టు లేదు.

"మరెలాగండి?"

"పెట్టె మీదే. ఉండడం మటుకు నా గూట్లో ఉంటుంది. చూడాలనిపించినప్పుడు రండి. చూసుకోండి. ముట్టుకోవద్దు. లోపలికి రావద్దు."

"ఎందాకా రావచ్చండి?"

"గడప దాకా."

"మీకు గడప లేదు కదండి."

"ఇస్తే ఉంటుంది కదండి."

వరద నవ్వుతాడు. అటక మీద గిన్నెలన్నీ ఆ నవ్వుకి కదులుతాయి. తుండుగుడ్డ కింద అన్ని వేళ్లూ కలిసి ఒక్క వేలవుతాయి. ఆ వేలు నా వేలిని ఒక్కసారి నొక్కుతుంది.

"బేరం తెగిందండి," అంటాడు.

నేను పుంజు పెట్టెని వీధి వాకిలికి ఎదురుగా ఉన్న గూట్లో పెడతాను. గడప తీసుకెళ్లి దాని చోట ఆనిస్తాను. అది నిట్టూర్చి సర్దుకుంటుంది. రోడ్డు వెంటనే సిగ్గుపడి చాపలా చుట్టుకుపోతుంది, బస్సుతో సహా వీధిలోకి.

"బాబాయ్, రూటు మూసేశావేంటి? డిపోలో ఏం చెప్పను?"

"గడపొచ్చిందని చెప్పరా," అంటుంది బుల్లెమ్మ. "ఇంకోసారి వత్తే చెప్పులిప్పి రా."

వరద మూట కట్టుకుంటాడు. నేను అడగనిది ఒకటుంది. మనుషుల్ని బేరంలో పెట్టకూడదు. గడపకీ అగ్గిపెట్టెకీ వేలు నొక్కవచ్చు. కన్నప్పకి ఏ వేలు నొక్కను? తుండుగుడ్డ మళ్లీ భుజాన వేసుకుంటాను.

అతను గడప తొక్కకుండా దాటుతాడు. చూసి నేర్చుకున్నట్టున్నాడు. అరుగు పక్కకి రాగానే బుల్లెమ్మ లేచి నిలబడుతుంది.

"ఇదిగో అబ్బాయ్! కొసరేదీ?"

"కొసరాండి?"

"పావు వంకాయలు కొన్నా మా ఊళ్లో కొసరేత్తారు. నా గడప నాకే ఇచ్చి అగ్గిపెట్టె కొట్టేశావు. కొసరెయ్యకుండా పోతావా?"

"ఏం వెయ్యమంటారమ్మా?"

"కొసరెయ్యమని అడుగుతారు. ఏం కొసరని అడగరు. అది ఇచ్చేవోడి చెయ్యి."

అని మొహం రేవు వైపు తిప్పేసుకుంటుంది.

అతను ఆమె వంక చూస్తాడు. ఆమె చూసే వైపు చూస్తాడు. చుట్ట దోపుకునే చోట, చెవి వెనక, వేళ్లు పెట్టి ఒకటి తీసి అరుగు మీద పెడతాడు. తర్వాత వీధి మలుపు తిరిగి వెళ్లిపోతాడు. అతని అడుగుల్లో చిన్న చేపలు మెరుస్తుంటాయి.

అరుగు మీద ఉన్నది పంటు. అగ్గిపెట్టె అంత ఉంది. దాని మీద కన్నప్ప చొక్కా పిండుకుంటున్నాడు.

"అక్కా, అడ్డు లే! రేవు కనబట్టం లేదు!"

బుల్లెమ్మ కదలదు.

"ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావురా?"

"ఎన్నాళ్లే? ఇప్పుడే కదా బయల్దేరాను."

ఆమె అన్నం గిన్నె తెచ్చి, ఒక్క మెతుకు తీసి పంటు మీద పెడుతుంది.

"ఇంత పెడితే ఎలా తింటానే?" అంటాడు కన్నప్ప.

"తిను," అంటుంది బుల్లెమ్మ. పొద్దు గుంకేదాకా అతను తింటూనే ఉంటాడు, ఆమె చూస్తూనే ఉంటుంది.

మర్నాడు పొద్దున బుల్లెమ్మ గడప కడిగి పసుపు రాస్తుంది. బొట్లు పెడుతుంది. మేకు దగ్గర చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, కుడి కాలు లోపల పెడుతుంది. నాలుగు వైపులా చూస్తుంది.

"ఇల్లు ఇంతేనా? పెద్దదనుకుంటున్నానే," అంటుంది.

పొయ్యి వెలిగిస్తుంది. అంతలో వెలుతురు తగ్గుతుంది. వాకిలి వైపు చూస్తాను.

గడప అవతల గోదారి నిలువునా నిలబడి ఉంది. తాటిచెట్ల కంటే ఎత్తు. చేతులు వెనక్కి కట్టుకుంది. లోపలి చేపలు కూడా రెక్కలు వెనక్కి పెట్టుకుని, గూట్లో కోడిపుంజు బొమ్మ వంక చూస్తున్నాయి. ఒక్క చుక్క ఇటు పడలేదు. పసుపు కూడా తడవలేదు.

నేను పంటుని అరచేతిలో పట్టుకుని, గడప ఇవతలే నిలబడి, గోదారి గుండె మీద ఆనిస్తాను. అది అంటుకుంటుంది. పెరుగుతుంది. కన్నప్పా పెరుగుతాడు. గడ వేసి తోస్తే పంటు నిలువునా పైకి పోతుంది. పంటు తిరిగొచ్చింది కాబట్టి, ఇక ఆ వరదని ఏ పేరుతో లెక్కపెట్టుకోవాలో ఊరు తేల్చుకోవాలి. పైన ధర్మారావు బస్సు కాసుకుని ఉంది. ధర్మారావు చెప్పులు చేత్తో పట్టుకున్నాడు.

"అన్నం తిని పోరా!" అని లోపల నుంచి కేకేస్తుంది బుల్లెమ్మ. లోపల నుంచి.

"ఒక్క ట్రిప్పు ఏసి వత్తానే!"

నేను కుండలోంచి గ్లాసుడు నీళ్లు ముంచుతాను. గడప దగ్గరికి వచ్చి ఆగుతాను. గడప మీంచి ఏదీ చేతికివ్వకూడదు. అందుకని గడప దాటి, గ్లాసు తొణక్కుండా పట్టుకుని, గోదారిలోకి నడిచి, దానికి మంచినీళ్లిస్తాను.