గాజుపెట్టెలో సున్నం

గోడకు సున్నం వేసినా, బావిలో పూడిక తీసినా కూలిమనిషి పర్వతాలు పనికి మేడ్చల్‌లో వంక పెట్టేవాళ్ళు లేరు. ఒక్క ఓపిక మాత్రం దేవుడు ఆయనకు ఇవ్వడం మరిచిపోయాడు.

రంజాన్ నెల మొదట్లో అమీర్ అలీ ఇంటికి సున్నం వేయడానికి కుదిరాడు. అమీర్ అలీ రైల్లో గార్డుగా చేసి రిటైరైన ముసలాయన. భార్య అన్వరీ బేగం పోయి రెండేళ్ళయింది. ఆమె పట్నం నుంచి తెచ్చి పెంచిన మూడు ఎర్రచేపలు కిటికీ దగ్గర చిన్న గాజుపెట్టెలో ఉండేవి. జర్మనీ యుద్ధం పుణ్యమా అని సర్కారు గింజలు కొలిచి ఇస్తున్న రోజుల్లో కూడా ఆయన తన రొట్టెలోంచి తుంచి వాటికి పెట్టేవాడు. బేగంతో చెప్పుకున్నట్టే కష్టసుఖాలు వాటితో చెప్పుకునేవాడు. ఇప్పుడు ఎండ తగిలి పెట్టె నిండా పాచి పట్టింది. అసలే చూపు మందగించిన మనిషి, ఆ పచ్చటి నీళ్ళలో చేపలు కనిపించక తల్లడిల్లిపోతున్నాడు.

"పండుగ లోపల ఒక్కపారన్న అవి నా కండ్ల వడేటట్టు జెయ్ పర్వతాలూ. రోజింత గుడ్డతోని తుడువు. సగం నీళ్లు తీసి సగం పొయ్. జల్దీ జెయ్యకు" అన్నాడు.

రెండు రోజులు తుడిచాడు. మూడో రోజు పాచి మళ్ళీ ప్రత్యక్షం. పర్వతాలుకు ఒళ్ళు మండింది. అలియాబాద్‌లో ఎన్ని బావులు బాగుచేయలేదు! గంపెడు సున్నం కుమ్మరిస్తే నీళ్ళు అద్దంలా తేరుకునేవి, చేపలు ఎప్పట్లాగే తిరిగేవి. ఈ పెట్టె ఒక లెక్కా? అమీర్ అలీ శుక్రవారం నమాజుకు వెళ్ళగానే పాచి గీకేసి, నిమ్మకాయంత సున్నపుగడ్డ అందులో వేశాడు. బావి ఎంత, రెండు బిందెల నీళ్ళెంత అన్న ఇంగితం ఆ క్షణాన లేకపోయింది.

ముసలాయన సాయంత్రం వచ్చేసరికి నీళ్ళు తేటపడ్డాయి.

"అరె, కనవడుతున్నయ్!" అని చిన్నపిల్లాడిలా పెట్టె దగ్గరికి వచ్చాడు. మూడూ వెల్లకిలా తేలుతున్నాయి.

"నేనే సంపిన. నిన్న రొట్టె ఎక్కువేసిన. ఎక్కువెయ్యకుర్రి, సస్తయి అని బేగం ఎన్నిపార్లు జెప్పిందో" అన్నాడు.

పర్వతాలు దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాడు. తాను అబద్ధం చెప్పలేదుగా అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. మనసు ఒప్పుకోలేదు.

ఆనాటి నుంచి అమీర్ అలీ రొట్టె ముట్టలేదు. పొద్దంతా ఉపవాసం, పొద్దుగూకితే రెండు ఖర్జూరాలు, కాసిని నీళ్ళు. పక్కింటి హజీరా పంపిన రొట్టెలు పంపినట్టే తిరిగి వెళ్ళేవి. పది రోజుల్లో మనిషి సగమయ్యాడు. ఇంటికి వెళ్తే పర్వతాలుకూ ముద్ద గొంతు దిగడం లేదు. చివరికి శామీర్‌పేట చెరువుకు పోయి నాలుగు చేపలు పట్టి, కుండలో వేసి తెచ్చాడు.

"నువ్వే పెంచుకో. నా చెయ్యి మంచిది గాదు" అన్నాడు అమీర్ అలీ.

ఆ మాటతో పర్వతాలు కుండ కింద పెట్టేశాడు. "మీ చెయ్యి గాదు సాబ్. నేనే... బాయిల వేసినట్టు సున్నమేసిన."

ముసలాయన కేకలు వేస్తాడనుకున్నాడు. వేయలేదు.

"చేపలు సచ్చినందుకు కోపం లేదు పర్వతాలూ. తెల్వక జేసినవ్. గని నేనే సంపిన్ననుకోని పది దినాల సంది బేగం మొఖం యాది జేసుకునేటందుకు సుత భయపడ్డ నేను. నువ్వు ఎదురుంగనే గోడకు సున్నమేసుకుంట సూసినవ్ గద!"

అమీర్ అలీ కుండను తిరిగి పర్వతాలు చేతికే ఇచ్చాడు. మిగిలిన గోడ ఇంకెవరితోనైనా వేయించుకుంటానని చెప్పి తలుపు వేసుకున్నాడు.