డిక్కీలో దాటిన కొండ

హైమకి మెడిసిన్‌లో సీటొచ్చింది తను రాసిన పరీక్ష వల్ల కాదు, వాళ్ళ మావయ్య వల్ల. ఈ మాట ఆ మావయ్యే చెప్తాడు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ. ఆయన చేసిందల్లా అప్లికేషను కవరు పట్టుకెళ్ళి గుంటూరులో ఇచ్చి రావడం. ర్యాంకు రెండువందల పద్నాలుగు హైమది, సీటు ఇప్పించింది మాత్రం మావయ్య. ఇంగ్లండు వచ్చాక ఇక్కడి డాక్టరు పరీక్షలు రెండూ మొదటి దెబ్బకే పాసైంది. అయినా నాటింగ్‌హామ్ ఆసుపత్రిలో ఆమె ఉద్యోగం భర్త భానుప్రకాష్ దగ్గరుండి పెట్టించినదే అయింది. ఆయన ఇంటర్వ్యూ రోజున కారులో దింపాడు, అంతే. డ్రైవింగు మరిది నేర్పాడు. ఇల్లు ఆడపడుచు మొగుడు చూపించాడు. నలభై ఏడేళ్ళ మనిషికి ఇది నాది అని గట్టిగా చెప్పుకోడానికి ఒక్కటంటే ఒక్కటి మిగల్చలేదు మనవాళ్ళు. ప్రేమతోనేనండీ, కాదని ఎవరన్నారు? ప్రేమతో లాక్కున్నా లాక్కున్నట్టే.

అందుకని రెండువేల నాలుగు జూన్‌లో హైమ మూడు వారాలు సెలవు పెట్టి, బ్రిటన్ దక్షిణపు కొసన ఉన్న ల్యాండ్స్ ఎండ్ నుంచి ఉత్తరపు కొసన ఉన్న జాన్ ఓ గ్రోట్స్ దాకా సైకిలు మీద పోతానంది. వెయ్యి మైళ్ళు. ఒక్కత్తే.

"నేను కారేసుకుని వెనకాల వస్తాలే," అన్నాడు భాను.

"నువ్వొస్తే నేను వెళ్ళను."

"పంక్చరైతే?"

"వేసుకుంటాను."

"ఎవరైనా ఏదైనా అంటే?"

"నేనూ అంటాను."

భాను మంచివాడు. మంచివాడు కాబట్టే ఊరుకోలేకపోయాడు. ఆమె అటు రైలెక్కిందో లేదో ఇటు ఫోను పట్టుకుని కూర్చున్నాడు. తెలుగు డాక్టరు లేని ఊరు ఈ దేశంలో వెతికినా దొరకదు. పెళ్ళికెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టని సామెత. ఇక్కడ పిల్లులే వరసకట్టి ఎదురొచ్చాయి. ఎక్సెటర్‌లో ఒకాయన రోడ్డు పక్కన ఆవకాయ సీసా పట్టుకుని నిలబడ్డాడు. హియర్‌ఫోర్డ్‌లో ఒకావిడ, మా ఇల్లుండగా హోటల్లో దిగుతావా, మేం చచ్చామనుకున్నావా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. హైమ అన్నిచోట్లా దణ్ణం పెట్టి తప్పించుకుంది. ఆవకాయ సీసా బరువని చెప్పి వెనక్కిచ్చేసింది. ఆ పాపం ఎన్ని జన్మలు వెంటాడుతుందో మరి.

ఎనిమిదోరోజు సాయంత్రం కెండల్ అనే ఊరు చేరేసరికి వాన దంచేస్తోంది. తీసుకున్న గదిలో కప్పు కారుతోందని గదివాళ్ళు చేతులెత్తేశారు. ఆ మాట ఫోన్లో భానుతో అనేసి, ఆ ఊరి చివర పెట్రోలు బంకు దగ్గర తడిసి ముద్దై నిలబడి ఉండగా కారు వచ్చి ఆగింది. ఇరవై మైళ్ళ వెనక లాంకాస్టర్‌లో పాతికేళ్ళుగా డాక్టరీ చేస్తున్న సుబ్బరాజుగారు. అసలుది భీమవరం దగ్గర. ఇంత కారు, అంత మనసు.

"ఎక్కమ్మా హైమమ్మా! భాను చెప్పాడు. ఇంటికెళ్ళి వేణ్ణీళ్ళు పోసుకుని, ఇంత తిని పడుకుందువుగాని."

"ఒక్క షరతు రాజుగారూ. రేపు పొద్దున్న మళ్ళీ ఈ బంకు దగ్గరే దింపాలి. నేను ఆపింది ఇక్కడ, మొదలుపెట్టాల్సిందీ ఇక్కడే."

"ఆయ్, అంతేగా! అలాగేనండీ బాబూ!"

మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఊరికే పుట్టలేదు. హైమ కారెక్కింది.

ఆ ఇంట్లో సుబ్బరాజుగారి భార్య వరలక్ష్మిగారు చేసిన మర్యాద రాయాలంటే వేరే కథ కావాలి. చేపల పులుసు, వేపుడు, గడ్డపెరుగు. పొద్దున్నే లేవగానే పెసరట్టు, అందులో ఉప్మా. ఒకటి చాలంటే మూడు వేసింది. కారులో ముందు సీట్లో తనూ కూర్చుని ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుంది. సైకిలు చక్రం ఊడదీసి డిక్కీలో పడుకోబెట్టారు. వెనక సీట్లో హైమ, కడుపునిండా పెసరట్టు, ఎనిమిది రోజుల అలసట, కారు లోపల వెచ్చదనం. ఇంకేముంది, ఊరు దాటకముందే నిద్రపోయింది.

"లేమ్మా, వచ్చేశాం!"

కళ్ళు తెరిస్తే ఏదో కార్ పార్కు. బంకు లేదు. గోడ మీద బోర్డులో పెన్రిత్ అని ఉంది. హైమకి ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. రోజూ పడుకునే ముందు మ్యాపు చూసుకునే మనిషి, కాబట్టి రెండో క్షణంలో అంతా అర్థమైంది. కెండల్‌కీ పెన్రిత్‌కీ మధ్య పాతిక మైళ్ళు. ఆ మధ్యలో షాప్ ఫెల్ అనే కొండ. ఈ దారిన పోయే సైకిలువాళ్ళంతా వారం ముందునుంచీ తలుచుకుని భయపడే కొండ అది. దాన్ని ఆమె గుర్రు పెడుతూ దాటేసింది.

"ఇదేమిటి రాజుగారూ? కెండల్లో కదా దింపమన్నాను?"

"ఆ కొండ నీవల్ల కాదమ్మా. నిన్న నీ మొహం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. మోటారువే మీద అరగంటలో దాటించేశా. ఇక్కణ్ణించి స్కాట్లండు దాకా హాయిగా చదునే!" సుబ్బరాజుగారు జేబురుమాలుతో సైకిలు సీటు తుడుస్తున్నారు. మొహం చూస్తే మనవడికి పుట్టినరోజు బహుమతి తెచ్చిన తాతలా ఉన్నారు. ఇంతలో ఆయన ఫోను మోగింది.

"ఆఁ, భానూ! ఏం కంగారు లేదు, మీ ఆవిణ్ణి కొండ దాటించేశా. ఆయ్, నేనే! మనం ఉన్నదెందుకు మరి?"

హైమకి అరికాల్లోంచి నెత్తిదాకా మంట లేచింది. చూస్తూండగానే రాబోయే పాతికేళ్ళు కళ్ళముందు పరుచుకున్నాయి. ప్రతి ఉగాది ఫంక్షన్లోనూ ఈయన ప్లేటు పట్టుకుని నిలబడి, హైమమ్మ సైకిలు యాత్ర ఉంది చూశారూ, అసలు షాప్ కొండ నేనే దాటించా, అంటాడు. అందరూ అవునా అంటారు. మావయ్య పక్కన ఈయన, ఈయన పక్కన భాను, వరసగా నిలబడతారు. వెయ్యి మైళ్ళలో ఆ పాతికే మిగులుతుంది, మిగతా తొమ్మిదివందల డెబ్భయ్యైదూ గాలికి పోతాయి.

"నన్ను వెనక్కి దింపండి," అంది.

"పదింటికి నా క్లినిక్కు తెరవాలి తల్లీ, పేషెంట్లొచ్చి కూర్చుంటారు. అయినా బయల్దేరాక వెనక్కి తిరక్కూడదమ్మా, మంచిది కాదు. మనవాళ్ళు ఊరికే చెప్పారా?"

"వెనక్కి తిరగడానికి నేనసలు ముందుకొస్తే కదండీ? నేనింకా కెండల్లోనే ఉన్నాను. ఇక్కడికొచ్చింది మీ డిక్కీలో సామాను."

సుబ్బరాజుగారి చేతిలో రుమాలు ఆగిపోయింది. ఆయనకి నిజంగానే తెలీలేదు, ఏం తప్పు చేశాడో. పెద్దాయన మొహం చిన్నబోవడం చూస్తే హైమకి జాలి వేసింది. కానీ నలభై ఏడేళ్ళుగా సరిగ్గా ఈ జాలే తనని ముంచుతూ వచ్చిందని కూడా ఆ క్షణంలోనే తెలిసింది. ఇక చాలనుకుంది.

వరలక్ష్మిగారు కిటికీలోంచి మెల్లిగా అంది. "నేను చెప్పానమ్మా, అమ్మాయి కెండల్లో దింపమంది కదండీ అని. నన్ను నోరు మూసుకోమన్నారు."

పులిహోర డబ్బా చేతికివ్వబోయింది. హైమ దాన్ని మళ్ళీ ఆవిడ ఒళ్ళోనే పెట్టేసి, సైకిలు చక్రం తనే బిగించుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

స్టేషన్లో కెండల్ రైలు సంగతి అడిగితే, సైకిలుకి ముందురోజే చోటు రాయించుకోవాలి, ఇవాళ కుదరదన్నారు. బయటికొచ్చి భానుకి ఫోను చేసింది.

"కెండల్ దాకా తొక్కుకుంటూ పోతాను," అంది.

"సరే, పోనీ. వెనక్కి తొక్కినా అదే కొండ, అదే దూరం. కెండల్ చేరాక రేపు పొద్దున్న రైల్లో మళ్ళీ పెన్రిత్ వచ్చెయ్. ఆ కాస్తా తొక్కేసినట్టే అవుతుంది."

"మెట్లు దిగితే ఎక్కినట్టేనా, భానూ?"

"ఎవరు చూడొచ్చారే, హైమా!"

"నువ్వు చూశావుగా, ఇందాక ఫోన్లో. దాటించేశానంటే విన్నావుగా. ఏమన్నావు?"

"అది కాదే..." అని మొదలుపెట్టాడు భాను.

"థాంక్స్ చెప్పుంటావు," అంది హైమ. "నా కొండకి నువ్వు ఇంకొకరికి థాంక్స్ చెప్పావు." ఫోను కట్టేసి బ్యాగు అడుగున పడేసింది.

దక్షిణానికి తిరిగేసరికి గాలి ఎదురు. గాలంటే మామూలు గాలి కాదు, గుండెల మీద చెయ్యేసి వెనక్కి నెట్టే గాలి. దానికి తోడు సన్నగా వాన. లారీలు పక్కనుంచి దూసుకుపోతూ నీళ్ళు కొడుతున్నాయి. మొదటి గంట కోపమే తొక్కింది, ఆమె కాదు. మావయ్యని తిట్టింది. మరిదిని తిట్టింది. సుబ్బరాజుగారిని గోదావరి జిల్లాతో సహా తిట్టింది. రోడ్డు పక్కన గొర్రెలు తప్ప వినేవాళ్ళు లేరు కాబట్టి నోరారా, తెలుగులో, గొంతెత్తి తిట్టింది. రెండో గంటకి తిట్లైపోయాయి. అప్పుడు తన మీద తనకి కోపమొచ్చింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, కెండల్లో గట్టిగా వద్దనుంటే? నలుగురి దగ్గర దణ్ణం పెట్టి తప్పించుకున్నదానివి, అయిదోచోట వేణ్ణీళ్ళకి లొంగిపోయావు కదే! వాళ్ళు లాక్కున్నారు సరే, ఇచ్చింది ఎవరు? మావయ్య సీటిప్పించానన్న ప్రతిసారీ పక్కనే నిలబడి నవ్వింది ఎవరు?

కొండ అవతలివైపు దిగి కెండల్ చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. బంకు అక్కడే ఉంది. లోపలికెళ్ళి రెండు శాండ్‌విచ్‌లు కొనుక్కుని నిలబడే తింది. కౌంటర్లో పిల్ల తడిసిన బట్టలు చూసి, "ఎందాకా?" అంది.

"పెన్రిత్."

"ఇప్పుడు వస్తున్నదెక్కణ్ణించి?"

"పెన్రిత్."

ఆ పిల్ల అడక్కుండానే పెద్ద కప్పులో టీ పోసిచ్చింది. హైమ దానికి డబ్బిచ్చేసింది.

నాలుగు మైళ్ళు పోకముందే మళ్ళీ కొండ మొదలైంది. షాప్ ఫెల్ తిన్నగా ఎక్కనిచ్చే కొండ కాదు. కాస్త ఎక్కించి, అయిపోయిందిలే అనిపించి, మళ్ళీ కిందికి దించి, మొత్తం కొత్తగా ఎక్కిస్తుంది. మోకాళ్ళలో మంటలు పుడుతున్నాయి. ఒకచోట దిగి నడిపించింది. నడిపిస్తే తప్పా? తన కాళ్ళే కదా. పది అడుగులు నడిచి, తల్లీ, ఎక్కు, అని తనకి తనే చెప్పుకుని మళ్ళీ ఎక్కింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తొక్కింది. ఏడవడానికి ఆగాల్సిన పనేముంది?

చివరి మైలులో వెనకనుంచి ఒక కారు మెల్లిగా వచ్చింది. ఇంజను చప్పుడు విన్నాక చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది, ఎవరిదో. సుబ్బరాజుగారిది. క్లినిక్కు మూసేసి వచ్చారన్నమాట. హైమ పళ్ళు బిగించింది. ఒక్క మాట, అయ్యో పాపం అని ఒక్క మాట అన్నారంటే సైకిలుకున్న నీళ్ళ సీసా తీసి విసిరేద్దామనుకుంది. పెద్దాయన కానీ, ఎవరైనా కానీ.

కారు ఆగలేదు. పక్కనుంచి దాటుకుని పైకి వెళ్ళిపోయింది.

పైన, రోడ్డు ఎక్కడం మానేసే చోట, పక్కగా కార్లు ఆపుకునే జాగా ఉంది. అక్కడ ఆగి ఉంది కారు. సుబ్బరాజుగారు స్టీరింగు ముందు అద్దాలు ఎత్తుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్నారు. బయట వానలో వరలక్ష్మిగారు ఒక్కతే నిలబడి ఉంది. పట్టుచీర మీద భర్త కోటు వేసుకుంది, కాళ్ళకి తోటపని బూట్లు. సంచీ లేదు, డబ్బా లేదు, ఫ్లాస్కు లేదు, కనీసం గొడుగైనా లేదు.

హైమ దగ్గరకొస్తుంటే ఆవిడ రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు తిప్పి చూపించింది.

"ఏమీ తేలేదమ్మా!" గాలికి గట్టిగా అరవాల్సొచ్చింది. "నా జన్మలో ఒకళ్ళని చూడ్డానికి ఉత్త చేతుల్తో రావడం ఇదే మొదలు. టీ పెట్టి కూడా సింకులో పారబోసొచ్చాను. ఆయన్ని కారు దిగొద్దన్నాను. నువ్వు ఆగకు! నేనొట్టినే చూసి పోదామని వచ్చా!"

అరవై ఏళ్ళ ఆవిడ, ఇంటికొచ్చిన కుక్కనైనా ఉత్త కడుపుతో పంపని మనిషి, చలిలో ఖాళీ చేతులు చాపి నిలబడింది. ఆ చేతులకి అది ఎంత కష్టమో హైమకి తెలుసు. ఇన్నాళ్ళలో తనకి ఎవరైనా ఏదైనా ఇచ్చారంటే అది ఇదేననిపించింది. ఆగి ఆవిణ్ణి కావలించుకోవాలనిపించింది. ఆగలేదు. ఆగొద్దంది కదా.

కారు పక్కనుంచి వెళుతుంటే అద్దం నాలుగంగుళాలు దిగింది. సుబ్బరాజుగారి గొంతు, పొద్దుటి గొంతు కాదది.

"హైమమ్మా, మనవాళ్ళు పొద్దుట్నించీ ఫోన్లమీద ఫోన్లు. ఏం చెప్పమంటావమ్మా?"

"హైమ ఎక్కిందని చెప్పండి, రాజుగారూ," అంది తొక్కుతూనే. "అంతే చెప్పండి. ముందూ వెనకా ఇంకేమీ తగిలించకండి."

బ్రేకుల మీంచి వేళ్ళు తీసేసి పెన్రిత్ వైపు దిగసాగింది.