గుసగుసల ఇల్లు

గొంతులు బాగుచేసే పంతులమ్మకు ఒక జబ్బు ఉంది. ఎవరి గొంతైనా బొంగురుపోతే, ఎందుకు పోయిందో తెలిసేదాకా ఆవిడకు అన్నం సహించదు. పాటగాళ్ళు, లెక్చరర్లు, వేలంపాట పాడేవాళ్ళు ఆవిడ గదికి వస్తుంటారు. వాళ్ళకు పాఠం చెప్పడం కన్నా కూపీ లాగడంలోనే ఆవిడకు హుషారెక్కువ.

ఈసారి చిక్కింది రైల్వే స్టేషన్ అనౌన్సరు. నెలాఖరులో ఆమె గొంతు రికార్డు చేసి అన్ని ప్లాట్‌ఫారాలకూ పెడతారట. ఆ రోజుకు గొంతు పలకకపోతే వేరే అమ్మాయిని పిలుస్తారు, ఈమెను టికెట్ల కౌంటరుకు పంపుతారు.

"రైళ్ళను పిలవడం తప్ప నాకింకేమీ రాదు మేడమ్," అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గొంతు జీరపోయి, సగం గాలే వస్తోంది. డాక్టరు పరీక్ష చేసి, లోపల కాయలేమీ లేవు, మాట్లాడే తీరు మార్చుకోమన్నాడు.

పంతులమ్మ తనకు తెలిసినవన్నీ చేయించింది. గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి, బుడగలు వచ్చేలా సన్నగా రాగం తీయించింది. పెదవులు మూసి 'మ్' అనిపించింది. మాటిమాటికీ గొంతు సవరించుకునే అలవాటు మాన్పించి, ఆ బదులు గుక్కెడు నీళ్ళు మింగమంది. పాఠం అయ్యేసరికి గొంతు ఖంగుమనేది. మర్నాటికి మళ్ళీ మొదటికొచ్చేది.

"ఎక్కడైనా అరుస్తున్నావా?"

"లేదండీ."

"ఇంట్లో పోట్లాటలా?"

"మా ఇంట్లోనా? మా ఇంట్లో పిల్లి కూడా అరవదు మేడమ్."

ఆ మాట పంతులమ్మ చెవిలో జోరీగలా తిరిగింది. పిల్లి కూడా అరవని ఇల్లేమిటి? మర్నాడు మధ్యాహ్నం, పిలవని పేరంటమే అయినా, ఆ ఇంటికి వెళ్ళింది. కాలింగ్ బెల్లు తీగ పీకేసి ఉంటే తలుపు తట్టింది.

తలుపు తీసిన అత్తగారు పెదవుల మీద వేలు పెట్టుకుంది. "మెల్లగా రండి, మావాడు పడుకున్నాడు," అంది గుసగుసగా. కొడుక్కి రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. కుర్చీల కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. వంటింట్లో అత్తాకోడళ్ళు ఉప్పు ఎక్కువైందని కూడా గుసగుసల్లోనే వాదించుకున్నారు. కోడలి మెడ నరాలు తాళ్ళలా పొంగడం పంతులమ్మ కంటపడింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"పెళ్ళైనప్పటి నుంచీ, ఆయన లేచాక కూడా అలవాటుగా," అని గుసగుసలాడింది అనౌన్సరు. "గొంతుకు విశ్రాంతి కదా అని, ఈమధ్య స్టేషన్‌లో కూడా మైకు దగ్గర తప్ప ఇలాగే మాట్లాడుతున్నా."

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం కదమ్మా!" పంతులమ్మ తల పట్టుకుంది. "ఇలా బిగబట్టి గుసగుసలాడటం విశ్రాంతా? పీక పిసుక్కోవడం! విశ్రాంతి కావాలంటే నోరు మూసుకో. మాట్లాడాలంటే మెల్లగానే, కానీ గొంతుతో మాట్లాడు!"

కోపంలో ఆవిడ తన గొంతు సంగతి మరిచిపోయింది. ఇల్లు దద్దరిల్లింది. పడకగది తలుపు తెరుచుకుంది.

"అయిపోయింది," అంది అత్తగారు.

చెదిరిన జుట్టుతో భర్త గుమ్మంలో నిలబడ్డాడు. కంగారులో అనౌన్సరు గుసగుస మరిచిపోయింది. "అయ్యో, లేపేశామా అండీ?" జీరగానే అయినా, అది గొంతే.

అతను ఆమెనే చూస్తూ, "నిద్ర ఎక్కడిది?" అన్నాడు. "మీ గుసగుసలకే రోజూ మెలకువ వస్తుంది. నా దగ్గర ఏం దాస్తున్నారో, ఎవరికి ఒంట్లో బాగాలేదోనని చెవులు రిక్కించి పడుకుంటా."

"మరి ఆ మాట చెప్పొద్దట్రా!"

"నాకోసం మీరింత అవస్థపడుతుంటే ఎలా చెప్పనమ్మా?" అని, భార్య వైపు తిరిగాడు. "డ్యూటీ దిగాక బస్సెక్కను, తెలుసా? స్టేషన్‌కు వెళ్ళి కాసేపు బెంచీ మీద కూర్చుంటా. ఇంట్లో నీ గొంతు విని ఎన్నేళ్ళైందో."

అనౌన్సరు కొంగుతో మొహం కప్పుకుంది. కూపీ లాగడానికి వచ్చిన పంతులమ్మ మంచినీళ్ళు అడిగి తాగింది.

నెలాఖరున రికార్డింగు అయింది, ఆమె గొంతునే ఖాయం చేశారు. ఇప్పుడు ఆమెకు పొద్దుటి డ్యూటీ బదులు మధ్యాహ్నం డ్యూటీ, రైలు ఆలస్యమైతేనే మైకు పట్టుకోవాలి. ఒకరోజు పొద్దున్నే పంతులమ్మ ఊరికే స్టేషన్‌కు వెళ్ళింది. స్పీకర్లలో ఆ గొంతు ఖంగున మోగుతోంది. బెంచీలన్నీ వెతికింది, అతను లేడు. ఆగలేక వాళ్ళింటికి ఫోన్ చేసింది.

"తిన్నగా ఇంటికే వస్తున్నాడండీ," అంది అత్తగారు, నిండు గొంతుతో. "పక్కన కూర్చుని పెళ్ళాం కబుర్లు చెబుతుంటే, సగంలోనే గురక పెడుతున్నాడు."